గుండెపోటును దారిలోనే గుర్తించాలి



మన సభల్లో భాష గురించి, పాట గురించి, భూమి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి గుండె గురించి మాట్లాడదామని మేము అనుకున్నాం. ఎందుకంటే మన దగ్గర ఛాతీలో నొప్పి అంటే ముందు వచ్చే మాట ‘గ్యాస్ పట్టింది’. సోడా తాగిస్తాం, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తాం, పొద్దున చూద్దామంటాం. నిజంగా గుండెపోటే అయితే ఆ రాత్రంతా గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన కండరం మళ్లీ రాదు.

గుండెకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడటమే గుండెపోటు. నాళం పూర్తిగా మూసుకుపోతే చాలాసార్లు ఈసీజీ కాగితం మీదే తెలుస్తుంది. వైద్య సిబ్బంది రోగిని చూసిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. 120 నిమిషాల్లోపు స్టెంట్ వేసే ఆసుపత్రికి చేరలేమనుకుంటే, గడ్డను కరిగించే ఇంజక్షన్ ముందే ఇవ్వాలి. 12 గంటల వరకు ఇవ్వవచ్చు గానీ, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తేనే ఎక్కువ మేలు. అందరికీ పడదు కాబట్టి డాక్టరే నిర్ణయించాలి.

ఇప్పుడు మన దూరాలు చూడండి. గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు, వనపర్తి నుంచి దాదాపు 150. నల్లమల లోపలి అప్పాపూర్ లాంటి చెంచు పెంటల నుంచి తారు రోడ్డు ఎక్కడానికే సమయం పడుతుంది. కాబట్టి రోగం పేరు తెలియకుండా నేరుగా పట్నం బయలుదేరితే ఇంజక్షన్ పనిచేసే సమయం బండిలోనే పోతుంది. ముందు దగ్గరలో ఈసీజీ, ఆ తర్వాతే దూర ప్రయాణం.

దగ్గరి ఆసుపత్రిలో గుండె డాక్టర్ లేకపోయినా ఈసీజీ తీయవచ్చు. 1905లోనే హాలండ్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త, ఆసుపత్రిలోని రోగుల గుండె తరంగాలను టెలిఫోన్ తీగ మీద కిలోమీటరున్నర దూరంలోని తన ల్యాబుకు రప్పించాడు. ఈనాటి ‘స్టెమీ’ కార్యక్రమాల పద్ధతీ అదే. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రి డాక్టర్ చూసి ఏం చేయాలో చెప్తారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే జిల్లా కేంద్రంలోనే అడగడానికి మనకు చోటు ఉంది.

గుర్తుపట్టాల్సినవి ఇవి: ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, నొప్పి ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం, చల్లటి చెమట, ఆయాసం. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వాంతులతోనే రావచ్చు. యాడి ‘ఏం లేదులే బిడ్డా’ అన్నా నమ్మకండి. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయమని అడగండి.

రోగిని నడిపించవద్దు, బైకు మీద కూర్చోబెట్టవద్దు. 108కు ఫోన్ చేసి ‘ఛాతీ నొప్పి, చెమటలు’ అని స్పష్టంగా చెప్పండి. ఆస్పిరిన్ నమిలించాలా అని వాళ్లనే అడగండి. ఈసీజీ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి, నొప్పి మొదలైన సమయం రాసిపెట్టండి. ఖర్చుకు భయపడి ఆగవద్దు, ఆరోగ్యశ్రీ ఉంది.

చివరగా ఒక పని. వచ్చే తీజ్ లోపు ప్రతి తండాలో, ప్రతి పెంటలో నలుగురు కూర్చొని ఒక కాగితం రాయండి. రాత్రిపూట కూడా ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రి ఏది? అక్కడికి ఎన్ని నిమిషాలు? సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది? అంబులెన్స్ రాలేని చోట ఎవరి జీపు సిద్ధంగా ఉంటుంది? ఆసుపత్రికి వెళ్లి అడిగి, తెలుసుకొని రాయండి. ఆ కాగితాన్ని అందరికీ కనిపించే గోడకు అంటించండి.