అవయవ గ్రహీతలు - అంటురోగాల నుండి రక్షణ



1967 డిసెంబరు 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్, ప్రమాదానికి గురైన ఒక యువతి గుండెను లూయీ వాష్కాన్‌స్కీ అనే రోగికి అమర్చారు. ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చడం అదే ప్రథమం. కొత్త గుండె చక్కగా పనిచేసింది. అయినప్పటికీ 18 రోజులకే ఆయన కన్నుమూశారు. ఆయనను బలిగొన్నది న్యుమోనియా.

దీనికి కారణం ఉన్నది. శరీరంలోని రోగనిరోధక శక్తికి హానిచేసే సూక్ష్మజీవికీ, దాత ఇచ్చిన అవయవానికీ భేదం తెలియదు. రెండింటినీ పరాయివిగానే ఎదిరిస్తుంది. అందుచేత ఆ శక్తిని మందులతో అణచి ఉంచవలసి వస్తుంది. కావలి సడలిన ఇంట దొంగకు ప్రవేశం సులభం కదా!

శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలో గాయం ద్వారా, మూత్రానికి అమర్చిన గొట్టం ద్వారా, శ్వాసయంత్రం ద్వారా బాక్టీరియా ప్రవేశించవచ్చు. అటుపిమ్మట, ఏళ్ల తరబడి దేహంలో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొనవచ్చు. మూత్రపిండ గ్రహీతలలో మూత్రమార్గపు ఇన్‌ఫెక్షన్ తరచుగా కనిపిస్తుంది.

ఈ మందులు వాడేవారికి లోపల వ్యాధి ముదిరినా జ్వరం స్వల్పంగానే ఉండవచ్చు. కనుక ఒళ్లు కొద్దిగా వెచ్చబడినా వెంటనే వైద్యునికి తెలపాలి. మందుల దుకాణంలో తోచిన యాంటీబయాటిక్ కొని వాడడం ప్రమాదకరం. ఎరిత్రోమైసిన్ వంటివి సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందుల పాళ్లను రక్తంలో పెంచి మూత్రపిండానికి హాని చేయగలవు. క్షయకు వాడే రిఫాంపిసిన్ వాటిని తగ్గిస్తుంది. అప్పుడు శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించే ముప్పు కలుగుతుంది.

అవయవ మార్పిడి నేడు దూరదేశపు వింత కాదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లోనే మూత్రపిండ మార్పిడి జరిగింది. 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ పి. వేణుగోపాల్ దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడిని నిర్వహించారు. అవయవ దానాన్ని క్రమబద్ధం చేసే చట్టమూ ఆ సంవత్సరమే వచ్చింది.

అటువంటి గ్రహీత ఏ విద్యార్థి ఇంటనైనా ఉండవచ్చు. ఆ ఇంట పాలు కాచి, నీరు మరిగించి, ఆహారం బాగా ఉడికించి ఇవ్వాలి. బడి నుండి వచ్చిన బిడ్డ సబ్బుతో చేతులు కడుగుకొన్న పిమ్మటనే వారి చెంతకు వెళ్లాలి. దగ్గు, జ్వరం ఉన్న బంధువులు పరామర్శను వాయిదా వేసుకొనడమే నిజమైన ఆప్యాయత. శస్త్రవైద్యుని పని కొన్ని గంటలలో ముగుస్తుంది. గ్రహీతను కాపాడవలసిన ఇంటివారి బాధ్యత మాత్రం జీవితాంతం కొనసాగుతుంది.