అమానతుకు వెల కట్టరాదు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! దైవభీతి కలిగి మెలగవలసిందిగా ముందుగా నాకూ, పిదప మీకూ హితవు చెబుతున్నాను.

పచ్చబొట్టు పొడిచిన చర్మాన్ని మరణానంతరం అమ్మవచ్చునా? ఈ ప్రశ్న వింతగా తోచినా ఊహాజనితం కాదు. 2006లో బెల్జియం కళాకారుడు విమ్ డెల్వోయ్, టిమ్ స్టైనర్ అనే స్విట్జర్లాండ్ వాసి వీపు మీద ఒక చిత్రాన్ని పచ్చబొట్టుగా వేయించాడు. 2008లో ఒక జర్మన్ సేకర్త దానిని 1,50,000 యూరోలకు కొన్నాడు. ఆ సొమ్మును కళాకారుడు, చిత్రశాల, స్టైనర్ పంచుకున్నారు. ఒప్పందం ప్రకారం అతడు ఏటా ప్రదర్శనల్లో వీపు చూపుతూ కూర్చోవాలి. మరణించాక ఆ చర్మాన్ని ఒలిచి, చట్రంలో బిగించి, కొన్నవానికి అప్పగించాలి.

“అతడు ఇష్టపడే ఒప్పుకున్నాడు కదా, ఎవరికేం నష్టం?” అని మన యువకులు అడుగవచ్చు. అడగదగిన ప్రశ్నే. దీనికి రెండు సమాధానాలున్నాయి.

మొదటిది: ఈ దేహం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. సొత్తే అయితే ఆత్మహత్య నిషిద్ధమయ్యేది కాదు. అమానతును వాడుకోవచ్చు, కాపాడుకోవాలి; అమ్ముకోరాదు. మృతుని ఎముక విరవడం, బ్రతికున్నవాని ఎముక విరవడం వంటిదేనని దైవప్రవక్త (స) బోధించారు. ఈ గౌరవం ముస్లిములకే పరిమితం కాదు. ఒక యూదుని శవం సాగిపోతుంటే ఆయన లేచి నిలబడిన సంగతి మీకు తెలిసినదే.

రెండవది: మృతదేహానికి ధర పలికితే ప్రమాదం సజీవులకు వస్తుంది. న్యూజిలాండ్‌లోని మావోరీలు పచ్చబొట్లున్న తమ పెద్దల శిరస్సులను భక్తితో భద్రపరచేవారు. 19వ శతాబ్ది ఆరంభంలో ఐరోపా వర్తకులు తుపాకులిచ్చి వాటిని కొనసాగారు. గిరాకీ పెరిగింది. అప్పుడు బానిసలకూ బందీలకూ పచ్చబొట్లు పొడిచి, ఆ తలల కోసమే చంపడం మొదలైంది! 1831లో న్యూ సౌత్ వేల్స్ గవర్నరు ఆ వ్యాపారాన్ని నిషేధించవలసి వచ్చింది. ఫ్రాన్సు తన మ్యూజియంలలోని శిరస్సులను తిరిగి ఇవ్వడానికి 2010లో ప్రత్యేక చట్టమే చేసింది. ఒక సంపన్నుని సరదా పేదవాని మెడకు కత్తి అయిన వైనమిది. నేడు అప్పులపాలైన మనిషి చేసే సంతకాన్ని సంపూర్ణమైన ఇష్టమని అనగలమా?

చట్టాలు అన్ని చోట్లా ఒకే తీరుగా లేవు. శవం ఎవరి ఆస్తీ కాదన్నది ఆంగ్లేయ న్యాయ సంప్రదాయం. అయితే మానవ నైపుణ్యం జోడించి భద్రపరచిన దేహాన్ని ఆస్తిగా పరిగణించవచ్చునని 1908లో ఆస్ట్రేలియా హైకోర్టు ఒక మినహాయింపును గుర్తించింది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అవయవాల క్రయవిక్రయాలను నేరం చేసింది. 2011 సవరణతో కణజాలాలూ దాని పరిధిలోకి వచ్చాయి. చట్టంలో సందు దొరికినంత మాత్రాన హరామ్ హలాల్ కాబోదు.

దానం వేరు, అమ్మకం వేరు. ప్రాణం నిలిపే అవయవ మార్పిడిని 1988లో జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ షరతులతో అనుమతించింది. అవయవాలను అమ్మడాన్ని మాత్రం నిషేధించింది. కాలిన గాయాలతో విలవిలలాడే రోగికి తోడ్పడటమూ, గోడకు వేలాడదీయడమూ ఒకటెలా అవుతాయి? దానం విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి గనుక, సంకల్పించేవారు ఆలిములను సంప్రదించండి.

సోదరులారా! పచ్చబొట్టు పొడిపించుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అయినా పచ్చబొట్టుతో మరణించిన వ్యక్తి మన ముందుకు వస్తే వెక్కిరించకండి, దానిని గీకి తీయాలని చూడకండి. అందరికీ చేయించినట్లే మెల్లగా ఘుస్ల్ చేయించండి, కఫన్ తొడగండి, జనాజా నమాజు చేసి సాగనంపండి. స్నానం చేయించినవారు చూసిన లోపాలను బయట చెప్పరాదు. పేదవాడైతే ఖర్చు మస్జిద్ వారంతా పంచుకోండి. శవం వద్ద సొమ్ముకోసం ఎవరూ చేయి చాచే దుస్థితి మన వాడలో రాకూడదు.

ఓ అల్లాహ్! నీవిచ్చిన దేహాలను నీ విధేయతలో వినియోగించే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. మా మృతులను మన్నించు. పేదరికం వల్ల తమను తాము అమ్ముకునే దుర్గతి నుండి నీ దాసులందరినీ కాపాడు. ఆమీన్.