ఆంగ్లవాక్యమున మొదటి విరామము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగము)



ఈ శుభసమయమున నేను ఏ ప్రబంధమును గూర్చియో ప్రసంగింతునని మీరు తలచియుందురు. ఊరి లెక్కలు వ్రాసికొను నేను నేడు కామాను గూర్చి మాటాడ నెంచితిని. అందులకు కారణ మొకటి కలదు.

కొన్ని యేండ్ల క్రిందట మా వీథిలోని వృద్ధుడైన రైతొకడు ఆంగ్లమున వచ్చిన కాగితమును నాకు జూపెను. అందు "బిఫోర్ పేయింగ్ ద ఫార్మర్ మస్ట్ సైన్" అని యుండెను. "రైతునకు పైకము చెల్లించుటకు ముందు సంతకము కావలెనట. మీకు సొమ్ము రానున్నది" అని చెప్పితిని. ఆయన సంతోషముతో పోయి, మొగము వ్రేలవైచికొని వచ్చెను. రైతు పుచ్చుకొనువాడు కాడు, చెల్లింపవలసినవాడు! "పేయింగ్" పిమ్మట కామా యున్నచో నేనట్లు పొరపడకుందును. వ్రాసినవారు దానిని విడిచిరి. నేను వాక్యమును తుదివఱకు విచారింపనైతిని.

తెలుగున ఈ చిక్కు లేదు. "రైతు చెల్లించుటకు ముందు", "రైతునకు చెల్లించుటకు ముందు" అను రెంటికిని గల భేదమును విభక్తియే తెలుపును. అందువలననే కాబోలు, మన పెద్దలు తాటియాకులపై పదములనడుమ ఎడమైనను విడువక వ్రాసిరి. భామాకలాపమాడు మన కూచిపూడివారికి ఎచట నిలువవలెనో గురుముఖమున తెలియును గాని కామావలన గాదు. వాక్యాంశబిందువని మన పిల్లలు చదువు ఈ గుర్తు మనకు అచ్చుపుస్తకములతో వచ్చినది. ఆంగ్లమున నామమునకు విభక్తిప్రత్యయములు దాదాపుగా లేవు. పదము నిలిచిన చోటినిబట్టియే అది కర్తయో కర్మయో తెలియవలెను.

కావున బాలురారా, బాలికలారా! బిఫోర్, ఆఫ్టర్, వెన్, ఇఫ్ మున్నగువానితో మొదలైన ఖండము ముగియగనే, అసలు కర్తకు ముందు కామా నుంచుడు. "ఇన్ 1953" వంటి చిన్నమాట పిదప మానినను దోషము లేదు. కాని "ఇన్ 1953, 11 డిస్ట్రిక్ట్స్ ఫార్మ్‌డ్ ఆంధ్ర స్టేట్" అనుచోట మానినచో రెండంకెలు కలిసిపోవును; నావంటి లెక్కలవాని గుండె ఆగును. "అండర్ ద ట్రీ శాట్ ఆన్ ఓల్డ్ మాన్" అని క్రియ వెంటనే వచ్చినచో కామా వలదు.

ఆ వృద్ధుడు నేటికిని ఏ కాగితము తెచ్చినను, నేను కండ్లజోడు పెట్టుకొనకమునుపే "ముందు కామా ఉన్నదో లేదో చూడండి, పంతులుగారూ!" అనుచున్నాడు.