ఇంటి తీగలు – ఇంటి బాధ్యతలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



"ఈ ఏడాది మీరు ఇంట్లోని కంప్యూటర్లను గూర్చి నాలుగు మాటలు చెప్పాలి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు మాకు నవ్వు వచ్చింది. మేము జీవితమంతా జమాఖర్చు పుస్తకాలు వ్రాసినవాళ్లము. కంప్యూటరు విద్య బడిలో చదివినవాళ్లము కాము. కాని ఒక దెబ్బ తిన్న తర్వాత కొంత నేర్చుకున్నాము. ఆ దెబ్బ మరొక ఇంటికి తగలకూడదనే ఉద్దేశ్యంతోనే ఒప్పుకున్నాము. ఇక్కడ "మేము" అంటే మా ఇంటిల్లిపాదీ అని గ్రహించ ప్రార్థన.

మా చిన్నతనంలో ఇంట్లో యంత్రమంటే ఒక రేడియో, ఒక కుట్టుమిషను, పై మధ్యన ఒక ఫ్యాను. మొన్న ఒక రాత్రి భోజనాలయ్యాక కూర్చొని లెక్క వేశాము. ఫోన్లు 5, ల్యాప్‌టాపులు 2, టీవీ 1, ప్రింటరు 1, వాకిట్లో ఒకటి, డాబామీద ఒకటి కెమెరాలు 2, చిన్నవాడి చేతి గడియారం 1, బీరువా ప్రక్కన చిన్న కంప్యూటరు 1. మొత్తం 13. మనుషులం ఆరుగురం! ఈ పదమూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దీన్నే ఇంటి నెట్‌వర్కు అంటారు.

ఇదంతా ఒక్కనాటిలో వచ్చినది కాదు. కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్‌నెట్ అనే పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీవారి పరిశోధనాలయంలో మొదలైంది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందినది 1995 ఆగస్టు 15న. తీగ లేకుండా కలిపే వైఫైకి మొదటి ప్రమాణం 1997లో ఏర్పడింది. ఏభై ఏళ్ల క్రితం పరిశోధనాలయంలో పుట్టిన వస్తువు ఇవాళ మన వంటింటి గూట్లోకి వచ్చి కూర్చున్నది.

ఈ ఏర్పాటుకు పెద్ద రౌటరు అనే చిన్న పెట్టె. దాని పని మా మిర్చి యార్డులో గుమాస్తా పనివంటిదే. బయటినుంచి వచ్చిన సరుకు ఏ కొట్టుకు పోవాలో చూసి పంపడం, లోపలి సరుకును బయటికి సాగనంపడం. ఇంట్లోని ప్రతి వస్తువుకూ అది ఒక నంబరు ఇస్తుంది. చాలా ఇళ్లలో ఆ నంబరు 192.168 తోనే మొదలవుతుంది. మా ఇంట్లో ఉన్న నంబరే మీ ఇంట్లోనూ ఉండవచ్చు. ప్రతి వీధిలోనూ ఒకటో నంబరు ఇల్లు ఉన్నట్లే. వీధి దాటితే ఆ నంబరుకు విలువ లేదు.

మాది గుంటూరు పాతబస్తీలో పాత ఇల్లు. గోడలు మూరెడు మందం. వైఫై తరంగాలు ఆ గోడలను దాటి వెనుక గదికి చేరేవి కావు. మా పెద్దవాడు ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో దీని సంగతి తేల్చాడు. "అబ్బా, 5 గిగాహెర్ట్‌జ్ వేగంగా పోతుంది కాని గోడను చూస్తే నీరసపడుతుంది. 2.4 కాస్త దూరం పోతుంది కాని వేగం తక్కువ. మైక్రోవేవ్ పొయ్యి వేస్తే ఇంకా తడబడుతుంది" అన్నాడు. చివరకు గోడకు రంధ్రం కొట్టి వెనుక గదికి తీగే లాగాడు. డాబామీద కెమెరాకు కూడా మరొక తీగ వేశాడు. బీరువా ప్రక్కన చిన్న కంప్యూటరు పెట్టి, అందులో రెండు డిస్కులు బిగించి, ఇంటిల్లిపాది ఫొటోలూ అందులో చేర్చాడు. మేము చూసి మురిసిపోయాము.

అందులో ఫొటోలకన్న విలువైనది ఒకటుంది. మా నాన్నగారు మిర్చి యార్డులో నలభై ఏళ్లు గుమాస్తాగిరీ చేశారు. 2019లో మనవడు ఆయన ప్రక్కన ఫోను పెట్టి, పాత సంగతులన్నీ చెప్పించి రికార్డు చేశాడు. మొత్తం 14 రికార్డులు. ఎడ్లబండ్లమీద మిరపకాయ బస్తాలు వచ్చిన రోజులు, మా దాదీ పెళ్లి, తుఫాను సంవత్సరం, అప్పు తీర్చిన కథ, అన్నీ ఆయన గొంతులోనే. 2020లో నాన్నగారు కాలం చేశారు. ఆ గొంతు మాకు ఆ పెట్టెలో మిగిలింది.

పెద్దవాడు కువైట్‌లో ఉద్యోగానికి వెళ్లాడు. వెళ్లేముందు, "ఏమీ ముట్టుకోకండి, అంతా దానంతటదే నడుస్తుంది" అన్నాడు. మేమూ అలాగే అన్నాము. మా అమ్మాయి ఒకసారి, "అన్నయ్యా, ఇదెలా పనిచేస్తుందో నాకూ చూపించవా?" అని అడిగింది. మేమే అడ్డుపడి, "నీకెందుకమ్మా ఇవన్నీ, ఏదన్నా పాడవుతుంది" అన్నాము. ఈ మాట సభాముఖంగా ఒప్పుకొనుచున్నాము.

2023 మే నెలలో ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చింది. దగ్గరలో ఎక్కడో పిడుగు పడింది. ఇంట్లో ఒక్క టపుక్కుమన్న చప్పుడు, అంతే. రౌటరు పోయింది, చిన్న కంప్యూటరు పోయింది, రెండు డిస్కులూ పోయాయి. వీధినుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ గాజుది, దానిలో కరెంటు ప్రవహించదు. మరి దెబ్బ ఎటునుంచి వచ్చింది? డాబామీద కెమెరాకు వేసిన రాగి తీగనుంచి. ఆ తీగే పిడుగు తాకిడిని నేరుగా బీరువా ప్రక్కకు తెచ్చిందని తర్వాత చూసిన మెకానిక్కు చెప్పాడు. ఎర్తింగు సరిగా లేదని కూడా అన్నాడు.

కొత్త రౌటరు తెచ్చాము. బిగించడానికి వచ్చిన కుర్రవాడు, "మీ కనెక్షను యూజర్‌నేము, పాస్‌వర్డు చెప్పండి" అన్నాడు. మేము ఒకరి ముఖాలొకరం చూసుకున్నాము. కువైట్‌కు ఫోను చేస్తే పెద్దవాడు డ్యూటీలో ఉన్నాడు. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. రాత్రి మాట్లాడి, "అవన్నీ నా పాత ల్యాప్‌టాపులో వ్రాసి పెట్టుకున్నాను అబ్బా" అన్నాడు. ఆ ల్యాప్‌టాపు తాళం కూడా అతని బుర్రలోనే ఉన్నది. ఇల్లంతా పదకొండు రోజులు మూగబోయింది. చిన్నవాడి ఆన్‌లైను క్లాసులు పోయాయి. అయినా అది పెద్ద బాధ కాదు.

డిస్కులను మరమ్మతు దుకాణంలో చూపించాము. పెదవి విరిచారు. హైదరాబాదు పంపాము. నెల తర్వాత అదే జవాబు. "రెండు డిస్కులున్నాయి గదా, ఒకటి పోతే ఇంకొకటి" అని మాకు ధీమా. కాని ఆ రెండవది అద్దంలో బొమ్మవంటిది. ఒకదాంట్లో ఫొటో చెరిపితే రెండవదాంట్లోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. ఒకే పెట్టెలో ఉన్నవి ఒకే దెబ్బకు పోతాయి. ఒక డిస్కు అరిగి చెడితే అది ఆదుకుంటుందేగాని, పిడుగు పడినా దొంగ పడినా ఆదుకోదు.

పోనీ నాన్నగారి ఫోనునుంచి క్లౌడులో చేరిన నకలు ఉంటుందేమో చూద్దామన్నాము. క్లౌడు అంటే మబ్బు కాదండీ, వేరొకరి కంప్యూటరు. దాని తలుపు తెరవాలంటే పాస్‌వర్డు కావాలి. అది మరిచిపోతే సంకేతం నాన్నగారి ఫోను నంబరుకు వస్తుంది. ఆయన పోయాక ఆ నంబరుకు రీచార్జి ఎందుకని మేమే మానేశాము. వాడని ప్రీపెయిడ్ నంబరు కొంతకాలానికి రద్దవుతుంది, తర్వాత మరొకరికి ఇవ్వబడుతుంది. ఆ దారీ మూసుకుపోయింది.

ఇక చెప్పవలసినది ఒక్కటే. ఈ సంగతి నరసరావుపేటలో అత్తవారింట్లో ఉన్న మా అమ్మాయికి తెలిసి మర్నాటి బస్సుకే వచ్చింది. చేతిసంచిలోంచి చిన్న డిస్కు తీసి బల్లమీద పెట్టింది. మమ్మల్ని అడిగితే వద్దంటామని, ఏడాది క్రితం సెలవులకు వచ్చినప్పుడు చెప్పకుండానే కొన్ని నకలు తీసుకుపోయిందట. నాన్నగారి రికార్డులు అందులో తొమ్మిది ఉన్నాయి. బస్సు వేళ అయిందని మిగిలినవి తీయలేదట. మొదటిది పెట్టాము. "బాబూ, ఇది మొదలైందా?" అన్న ఆయన గొంతు వినిపించింది. మా అమ్మగారు కొంగు ముఖానికి అడ్డు పెట్టుకున్నారు.

తొమ్మిది దక్కాయి, అయిదు పోయాయి. దాదీ పెళ్లి కథ పోయినవాటిలో ఉంది. ముట్టుకోవద్దన్న పిల్లే తొమ్మిదింటిని కాపాడింది. చూపించి ఉంటే పద్నాలుగూ ఉండేవి.

సోదరులారా, దీనివలన మేము నేర్చుకున్నది చెప్పి ముగిస్తాము. ఒక్కరికే తెలిసిన ఏర్పాటు ఇంటి ఏర్పాటు కాదు. ఇంటి తాళంచెవి ఎక్కడున్నదో అందరికీ తెలిసినట్లే ఇదీ తెలియాలి.

మా ఇంట్లో ఇప్పుడు దస్తావేజుల పెట్టెలో ఒక నోటుపుస్తకం ఉంది. కనెక్షను ఎవరి పేర ఉన్నది, యూజర్‌నేము, పాస్‌వర్డు, ఏ తీగ ఎటు పోతుంది, ఏ నంబరుకు ఏ నెలలో రీచార్జి చేయాలి, అన్నీ చేతితో వ్రాసి ఉన్నాయి. బ్యాంకు రహస్యాలు మాత్రం అందులో వ్రాయలేదు. మొదటి పుటలో పెద్ద అక్షరాలతో 1930 అని ఉంది. ఫోను ద్వారా డబ్బు మోసపోతే వెంటనే చేయవలసిన ప్రభుత్వ నంబరది. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేయి దాటిపోతుంది.

నకళ్లకు ఒక సులువైన లెక్క ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. అమెరికన్ ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మా మూడవ ప్రతి నరసరావుపేటలోనే ఉంది. రెండు నెలలకొకసారి అమ్మాయి దాన్ని తెచ్చి కొత్తవి చేర్చి తీసుకుపోతుంది. నకలు తీశామంటే చాలదు, తెరిచి చూడాలి, విని చూడాలి.

కెమెరాలతోను రౌటరుతోను కంపెనీవారు ఇచ్చే పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, మార్చని పాస్‌వర్డులున్న కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరుచుకున్నది. ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటలకొద్దీ స్తంభించిపోయాయి. ఎవరి ఇంటి కెమెరా ఎవరిమీద దాడి చేసిందో ఆ ఇంటివారికే తెలియదు. ఇక డాబామీదికి రాగి తీగ వేసేవారు ఎర్తింగు చూపించుకొని వేయించుకోండి. ఉరుములు మొదలుకాకముందే ఆ తీగ ఊడదీయండి.

ఇప్పుడు మా ఇంట్లో రౌటరు ఆగితే మా అమ్మగారే ప్లగ్గు తీసి, పది లెక్కపెట్టి, మళ్లీ పెడతారు. శుక్రవారం సాయంత్రం కువైట్ మనవడితో వీడియోలో మాట్లాడవలసినది ఆమే గదా. మొన్న ఆమె ప్రక్కనే అమ్మాయి ఫోను పెట్టి, దాదీ పెళ్లి కథ ఆమెకు గుర్తున్నంత మట్టుకు చెప్పించింది. అది పదిహేనవ రికార్డు. మూడు ప్రతులు తీశాము.

మీరూ ఈ రాత్రి ఇంటికి వెళ్లి, భోజనాలయ్యాక ఒక నోటుపుస్తకం తీయండి. ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి.