బండి ఎక్కడ ఆగుతుంది?

ఈవేళ మనం మాట్లాడుకోబోయేది భౌతికశాస్త్రం. వంటింటివాళ్ళకి ఈ గొడవెందుకమ్మా అని రేడియో కట్టేయకండి. పెర్కిట్‌లో పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే తల్లికి ఇది రోజూ కావలసిన సంగతే. ఒకప్పుడు ఏడో నంబరుగా ఉండి ఇప్పుడు 44 అయిన జాతీయ రహదారి, నిజామాబాదు మీదుగా వచ్చే 63, రెండూ ఈ ఊరి దగ్గరే కలుస్తాయి. పసుపు బస్తాల లారీలు, వాటిని దాటుకుపోయే కార్లు! దూరంగా బండిని చూసి "ఆగుతుందిలే" అని అడుగు వేస్తాం. ఆ అంచనా ఎంతవరకు నిజం?

జీతం ఎంతో, రోజు ఖర్చు ఎంతో తెలిస్తే ఏ తారీఖుకి డబ్బు అయిపోతుందో ఇల్లాలు చెప్పేస్తుంది కదా. బండి సంగతీ అంతే. పరుగెత్తే బండిలో కొంత శక్తి ఉంటుంది. బ్రేకు చేసే పని దాన్ని ఖర్చుపెట్టడం, మీటరుకి ఇంత చొప్పున. శక్తి ఎంతో, మీటరుకి ఖర్చెంతో తెలిస్తే బండి ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పొచ్చు.

చిక్కల్లా ఒకటే. వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు! 1720ల్లో హాలెండులో గ్రేవ్‌సాండే అనే ఆచార్యుడు ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టిలోకి జారవిడిచి చూశాడు. రెట్టింపు వేగంతో పడ్డ గుండు చేసిన గుంట నాలుగింతలుంది. 1740లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మాటను బలపరుస్తూ పెద్ద పెద్ద పండితులతో వాదానికి దిగింది ఫ్రాన్సు దేశపు ఎమిలీ దు షాత్లే. పిల్లల తల్లే ఆవిడ కూడా. 1749లో నాలుగో కాన్పయిన కొద్ది రోజులకే పోయింది, పాపం.

ఇక మన రోడ్డుకి వద్దాం. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, పొడి రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. 80 అయితే 36 మీటర్లు. పైగా డ్రైవరు మనల్ని చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి ఒక సెకను పోతుంది. ఆ సెకనులో మొదటి కారు 11 మీటర్లు, రెండోది 22 మీటర్లు వచ్చేస్తాయి. మొత్తం 20, 58. ఆరు గజాల చీరలు పది వరసగా పరిచినా ఆ 58 అందదు!

ఇంకో మాట. రెండు కార్లూ పక్కపక్కనే, ఒకేచోట బ్రేకు పట్టాయనుకోండి. మొదటిది 9 మీటర్లలో నిలిచిపోయింది. అక్కడ రెండోదాని వేగం ఎంత? సగమై 40 అయి ఉంటుందనుకుంటాం. కాదు. నాలుగు వంతుల్లో ఒక వంతే ఖర్చయింది, మూడు వంతులు అలాగే ఉన్నాయి. లెక్క కడితే వేగం 69! ఈ అంకె చూసి నా ఒళ్ళు జలదరించింది.

లారీకి బరువు పెరిగితే చక్రాల పట్టూ పెరుగుతుంది గనక, బ్రేకులు బాగుంటే దూరం అంతగా పెరగదు. కాని ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. మితిమీరి నింపితే అవి కాగిపోయి పట్టు సడలుతుంది. వానలో టైర్ల పట్టు సగానికి పడిపోతే దూరం రెట్టింపే.

రోడ్డు దాటడానికి మనకి ఆరు సెకన్లు పడుతుందనుకున్నా, 80లో వచ్చే కారు ఆలోగా 130 మీటర్లు దాటి వచ్చేస్తుంది. మీరు రోజూ నిలబడే చోటినుంచి నూట యాభై అడుగులు కాదు, నూట యాభై మీటర్లు కొలిపించి, అక్కడున్న చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకోండి. బండి ఆ గుర్తు దాటి ఇటు వచ్చిందా, పిల్లవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని దాన్ని పోనివ్వండి.