కందిరీగల గూటి దగ్గర పాఠం



గత వేసవిలో హఫీజ్‌పేటలో మా ఫ్లాటు బాల్కనీలో కందిరీగలు గూడు పెట్టాయి. మందు కొట్టించబోతుంటే మా అమ్మాయి ఆపి, బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గదగ్కర్ బృందం దశాబ్దాలుగా చేసిన పరిశోధన సంగతి చెప్పింది.

వారు చూసినది రోపాలిడియా మార్జినాటా అనే మన దక్షిణాది కందిరీగను. ఒక్కొక్కదానికీ రంగు చుక్క పెట్టి గుర్తుపట్టేవారు. ఆ గూట్లో రాణి నెమ్మదైనది, ఎవరి మీదా పడదు. తన ఒంటి రసాయనంతోనే ఉనికి తెలుపుతుంది. రాణిని తీసేస్తే కాసేపట్లోనే ఒక శ్రామిక కందిరీగ విపరీతంగా దూకుడు చూపిస్తుంది. మిగతావి ఒప్పుకుంటాయి. గుడ్లు పెట్టే రాణి అయ్యాక అదీ నెమ్మదిస్తుంది.

మనిషి కందిరీగ కాడు, నిజమే. అయినా నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా టీమ్ లీడ్‌ని. అరిస్తేనే పని జరుగుతుందనుకున్నాను. బెత్తం పట్టని మన లెక్కల మాస్టారు గుమ్మంలోకి రాగానే క్లాసంతా ఎందుకు సర్దుకునేదో అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆఫీసులో, అందరి ముందూ నేను కసిరిన కుర్రాడి పక్కన కూర్చుని క్షమించమన్నాను. గూడు జోలికి పోలేదు.

మాస్టారూ, మీ పాఠం ఆలస్యంగా అర్థమైంది. సెలవు.