రక్తంలో ఆల్బుమిన్ ఎందుకు తగ్గుతుంది?



ఐ.సి.యు.లో ఉన్న క్యాన్సర్ రోగి కాళ్ళు తరచు ఉబ్బుతాయి. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. రిపోర్టులో ఆల్బుమిన్ 2 గ్రాములే అని ఉంటుంది. "తిండి లేక ప్రోటీన్ పడిపోయింది, ఆల్బుమిన్ సీసా ఎక్కిస్తే కోలుకుంటాడు" అనుకుని బంధువులు అప్పు చేసి వేల రూపాయలు తెస్తారు. ఇది ఎంతవరకు నిజమో ఈ పాఠంలో చూద్దాం.

ఆల్బుమిన్ 585 అమైనో ఆమ్లాల గొలుసు. కాలేయం దీనిని రోజుకు సుమారు 10 నుంచి 15 గ్రాములు తయారుచేస్తుంది. ఆరోగ్యవంతుల రక్తంలో ఇది డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల వరకు ఉంటుంది. దీని ముఖ్యమైన పనులు రెండు. మొదటిది, నీటిని రక్తనాళాల్లో నిలిపి ఉంచడం. ప్లాస్మా ప్రోటీన్లు కలిగించే ద్రవాభిసరణ పీడనంలో దాదాపు నాలుగింట మూడు వంతులు దీనిదే. రెండవది, కాల్షియం, బిలిరుబిన్, కొవ్వు ఆమ్లాలు, అనేక మందులను మోసుకుపోవడం.

మరి ఎందుకు తగ్గుతుంది? ఆల్బుమిన్ అర్ధాయువు దాదాపు 20 రోజులు. కాబట్టి రెండు రోజులు తినకపోయినంత మాత్రాన ఇంతగా పడిపోదు. ముదిరిన క్యాన్సర్‌లోనూ, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లోనూ ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత పదార్థాలు వెలువడతాయి. వాటి ప్రభావంతో కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను ఎక్కువగా, ఆల్బుమిన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. రక్తకేశనాళికల గోడలు సడలి, ఉన్న ఆల్బుమిన్ కూడా కణజాలాల్లోకి జారిపోతుంది. సెలైన్ ఎక్కించినప్పుడు మిగిలినది పలచబడుతుంది. ఆకలి మందగించడం ఈ కారణాల్లో ఒకటి మాత్రమే.

దీనివల్ల మరో చిక్కు ఉంది. కొన్ని క్యాన్సర్లలో రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. అయితే కాల్షియంలో పెద్ద భాగం ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆల్బుమిన్ తగ్గినప్పుడు మొత్తం కాల్షియం మామూలుగానే కనిపించి, ప్రమాదం దాగిపోవచ్చు. అందుకే విడిగా ఉన్న అయనీకృత కాల్షియాన్ని కొలవడం మేలు.

ఇక సీసా సంగతి. 2004లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐ.సి.యు.లలో సుమారు 7,000 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఆల్బుమిన్ ఇచ్చినా, సెలైన్ ఇచ్చినా 28 రోజుల్లో మరణాలు దాదాపు సమానమే. 2014లో ఇటలీ వైద్యులు తీవ్రమైన సెప్సిస్ రోగులలో ఆల్బుమిన్‌ను 3 గ్రాముల వద్ద నిలపడానికి ప్రయత్నించారు. మరణాలు తగ్గలేదు. కాలేయం గట్టిపడి, పొట్టలోని నీటిని ఎక్కువ మోతాదులో తీయవలసి వచ్చినప్పుడు మాత్రం ఆల్బుమిన్ నిజంగా ఉపయోగపడుతుంది.

థర్మామీటరులో పాదరసాన్ని విదిలించి దించితే జ్వరం తగ్గదు కదా! ఆల్బుమిన్ తగ్గడం కూడా జబ్బు తీవ్రతను తెలిపే గుర్తు. ఇన్‌ఫెక్షన్‌ను అదుపు చేయడం, మూలవ్యాధికి చికిత్స, తగిన పోషణ, ఇవే అసలు మార్గాలు.

ఆలోచించండి: మల్టిపుల్ మైలోమా రోగిలో మొత్తం ప్రోటీన్ ఎక్కువగా, ఆల్బుమిన్ తక్కువగా ఎలా ఉండగలదు?